వాకిటి వరుస, ఇంటి వరుస

మా ముత్తాత నరసింగరావు పద్నాలుగు ఊళ్లకు దేశ్‌ముఖు. ఆయన వీధిలోంచి వెళ్తుంటే గుంటమగ్గంలో కూర్చున్న నేతగాడు కూడా పైకెక్కి నిలబడేవాడట. మా తాత వెంకటరామారావుకు హైదరాబాదు కొలువులో కుర్చీ ఉండేది, పేరు పిలిచి కూర్చోబెట్టేవారు. మా నాన్న రఘునాథరావు కాలానికి పద్నాలుగు ఊళ్లూ పోయి గడీ ఒక్కటే మిగిలింది. అందులోనూ వానాకాలం మూడు గదులే పనికొచ్చేవి. ఎనభైల చివర నుంచి కొన్నేళ్లపాటు నేను ఒమన్‌లో, రుస్తాఖ్ దగ్గర, ఒక కంపెనీ సైట్లో టైమ్‌కీపర్‌గా పనిచేశాను. ఈ మాటలన్నీ ఒకదాని పక్కన ఒకటి రాయడానికి నాకు సంకోచం లేదు. మా ఇంట్లో ఎవరూ తల వంచి నడవలేదు. నేనూ నడవలేదు.

భట్టు పోయిన సంగతి నాకు ఒమన్‌లోనే, కంపెనీ పెద్దాఫీసు ఉన్న ఖురంలో తెలిసింది. ఆఫీసులో కాగితాలిచ్చి బయట చాయ్ తాగుతుంటే, ఇదివరకు మా సైట్లో షటరింగ్ పని చేసిన సిరిసిల్ల మనిషి ఎదురయ్యాడు.

"భట్టు తాత పోయిండు సారూ, ఎరుకేనా? దసరకు ముంగట. మా ఇంటోళ్లు ఉత్తరం రాసిండ్రు."

"ఏమైంది?"

"ఏమైతది? దమ్ము. గొంతైతే ఈడనే పోయె గదా. ఆఖరికి నీళ్లు గూడ సైగ జేసి అడిగిండట."

అతను ఇంకేదో చెప్తూనే ఉన్నాడు. నేను వింటున్నట్టు తల ఊపాను. ఎదురుగా తెల్లటి మేడలు ఎండలో నీళ్లమీది నీడల్లా కదులుతున్నాయి. వాటి మధ్యలోంచి ఏనుగులు నడిచి వస్తాయేమో అన్నట్టు చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాను. భట్టును ఎరిగినవాళ్లకు ఆ ఏనుగుల సంగతి తెలుసు.

ఆయన పేరు రాయను. మా ఊళ్లో ఆయన్ను ఎవరూ పేరుతో పిలవలేదు. వాళ్ల నాన్నా భట్టే, తాతా భట్టే. దొరల ఇళ్ల వంశాలు చదవడం వాళ్ల వృత్తి. ఏటా కోతలయ్యాక గడీకి వచ్చి, వాకిట్లో నిలబడి, ఎడమ అరచెయ్యి చెవికి ఆనించి, వేములవాడను ఏలిన చాళుక్య రాజుల దగ్గర మొదలుపెట్టి మా తాత దాకా వచ్చేవారట. మా నాన్న కాలంలో ఆ రాక ఆగిపోయింది. తర్వాత గడీ మీద దాడి జరిగినప్పుడు, బయట కుప్పవేసి కాల్చిన దస్తరాల్లో వంశావళి కూడా బూడిదైంది. నాకు నోటికొచ్చింది ఏడు తరాలు. వాటికి పైన, వెయ్యేళ్ల కిందటి ఆ రాజుల దాకా, ఏమీ లేదు. ఒమన్‌కు వెళ్లేటప్పుడు నా పెట్టెలో ఒక నోటుపుస్తకం ఉంది. మొదటి పేజీలో రాజుల పేర్లు, చివరి పేజీలో మా ఏడు తరాలు, నడుమ తెల్ల కాగితాలు.

ఆ కాగితాలను నింపగలిగిన ఒకే ఒక్క మనిషి నా హాజరు పట్టీలో నలభై మూడో నంబరుగా దొరికాడు.

మొదటిరోజు నంబరు పిలవగానే వచ్చి నిలబడ్డాడు. అరవైకి దగ్గరగా ఉంటాడు, కాగితాల్లో మాత్రం నలభై ఎనిమిది. నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"రఘునాథరావు దొర కొడుకువు గదా సారూ?"

"నీకెట్ల తెలుసు?"

"నడక సూసి పట్టిన. మీ ఇంట్ల అందరి మెడ గట్లనే ఉంటది. కాడి పెట్టనియ్యని కోడె లెక్క."

వెనక ఉన్న కరీంనగర్ జిల్లా వాళ్లందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నంబరుకెదురుగా గీత పెట్టి తర్వాతివాణ్ని పిలిచాను.

డ్యూటీలో నన్ను 'సారూ' అనేవాడు. శుక్రవారం సెలవు, ఆ రోజు 'దొరా' అనేవాడు. ఒక్కనాడూ తారుమారు చెయ్యలేదు. గురువారం సాయంత్రం హాజరు మూసేశాక ఎదురుపడితే ఏమనాలో తేల్చుకోలేక నవ్వేసి పక్కకు తప్పుకునేవాడు.

మా సైట్ ఒక పాత మట్టికోట. దాని గోడలు మళ్లీ నిలబెట్టే పని. సిమెంటు వాడకూడదని షరతు ఉంది. కాల్చిన మట్టినీ సున్నాన్నీ పొడికొట్టి, కలిపి, గచ్చు చేసి పూయాలి. ఆ కలిపే యంత్రం దగ్గర భట్టు పని. దాన్ని ఏనుగు అనేవాడు. పొద్దున దాని పొట్ట మీద చరిచి, "లే బిడ్డా, తానానికి యాళ్లయింది" అనేవాడు. ఒక్కో కలుపుకు ఎనిమిది తట్టల పొడి పడాలి. అందరిలా ఒకటి, రెండు అని లెక్కపెట్టేవాడు కాదు. మొదటి తట్టకు యుద్ధమల్లు అనేవాడు, రెండోదానికి అరికేసరి. తర్వాత నరసింహుడు, ఇంకో యుద్ధమల్లు, బద్దెగుడు, మూడో యుద్ధమల్లు, రెండో నరసింహుడు, రెండో అరికేసరి. ఎనిమిదో తట్ట పడగానే చెయ్యెత్తి అరిచేవాడు.

"రాజులైపోయిండ్రు. నీళ్లు వొయ్యుండ్రి!"

నెల తిరక్కుండానే సైటంతా ఆ లెక్కకే అలవాటుపడింది. కేరళ ఫోర్‌మన్ వచ్చి ఎన్ని తట్టలు పడ్డాయని అడిగితే, పనివాడు ఆలోచించకుండా "బద్దెగుడు సాబ్" అని చెప్పేవాడు. ఫోర్‌మన్ కొన్నాళ్లు తిట్టాడు. తర్వాత వేళ్లు మడిచి, బద్దెగుడంటే అయిదు అని నేర్చుకున్నాడు. ఏ మిట్టమధ్యాహ్నమో నేను రేకుల గదిలో పట్టీ రాస్తూ కూర్చుంటే, వేడిలో తేలుతూ ఆ పేర్లు వినిపించేవి. కళ్లు మూస్తే అది రుస్తాఖో, వేములవాడో తెలిసేది కాదు. తెల్లటి పొడిలో మునిగి పైకి లేస్తున్న మనుషులు రాజుల వెంట నడిచే సేనలా ఉండేవారు.

శుక్రవారాలు కొండ అడుగున ఉన్న వేడినీళ్ల ఊటకు స్నానానికి వెళ్లేవాళ్లం. చలికాలం పొద్దున్నే వెళ్తే నీళ్లమీద ఆవిరి ఖర్జూరపు తోట దాకా పాకి ఉండేది. మనిషి కనిపించేవాడు కాదు, మాట మాత్రం వినిపించేది. అక్కడే మొదటిసారి ఆ ఏనుగుల కథ విన్నాను.

"మొదటి యుద్ధమల్లు బోధన్ల ఉండె," అన్నాడు భట్టు ఆవిరిలోంచి. "ఏనుగులు ఐదు వందలు. చెరువంత పెద్ద తొట్టి కట్టిచ్చి, నిండ నూనె వోయించి, ఒక్కొక్కదాన్ని దిగిపిచ్చి తానం జేపిచ్చిండు. శిలమీద చెక్కి ఉన్నది ఆ మాట."

"ఏం నూనెనే తాతా? పల్లి నూనెనా?" అన్నాడొకడు.

"అప్పుడు పల్లీలేడియిరా? నువ్వుల నూనె."

"గంత నూనెల ఎన్ని మిరపకాయ బజ్జీలైతుండెనో!"

"మిరపకాయలు గూడ లెవ్వురా అప్పుడు."

"మరేం రాజ్యమే అది!"

నవ్వులు ఆవిరిలో కలిసిపోయాయి. నేను మాత్రం నవ్వలేకపోయాను. నల్లటి వీపులు నూనెలో మెరుస్తూ పైకి లేస్తున్నట్టు, ఆ వీపుల మీద పొద్దు జారుతున్నట్టు కనిపించింది. మా వంశానికి మూలపురుషుడు ఆ కాలంవాడేనని మా తాత అనేవాడు.

బట్టలు కట్టుకునేటప్పుడు అడిగాను. "మా వరుస ఎప్పుడు చదువుతవు? నేను రాసుకోవాలె."

"వాకిలేది దొరా? వాకిలి లేకుంట వరుస చదవరాదు. మీరు గద్దె మీద కూసోవాలె, నేను కింద నిలవడాలె. ఈడ మీది గూడ మంచమే, నాది గూడ మంచమే."

ఆ మాట నాలుగైదు శుక్రవారాలు చెప్పాడు. ఒకసారి విసుగొచ్చి, "శాలువ కావాల్నా?" అన్నాను. ఆయన ముఖం చూసి, ఆ మాట అనకుండా ఉండాల్సింది అనుకున్నాను.

కోటకు ఒక ముసలి కావలివాడు ఉండేవాడు, ఆ ఊరివాడే. వయసులో ఉన్నప్పుడు కరాచీలో కొన్నేళ్లు ఉండి వచ్చినందువల్ల హిందీ బాగానే మాట్లాడేవాడు. మేమందరం చాచా అనేవాళ్లం. పని ఆగినప్పుడు భట్టూ ఆయనా గోడనీడలో కూర్చుని ఒక పళ్లెంలో ఖర్జూరాలు తినేవారు. భట్టు ఒకరోజు తన వచ్చీరాని హిందీలో ఏనుగుల కథ చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. చాచా గింజ ఉమ్మి, "ఔర్ లోగ్?" అన్నాడు. మరి జనం? చెరువునిండా నూనె పోస్తే ఆ ఏడు వాళ్లేం చేశారు?

భట్టు చేతిలో ఉన్న ఖర్జూరం మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు.

అప్పుడు చాచా తమ రాజు కథ చెప్పాడు. ఇదీ వెయ్యేళ్లు దాటిన మాటే. ఇక్కడ రాజును ఇమాం అనేవారు. తండ్రి తర్వాత కొడుకు అనేది ఉండేది కాదు, పెద్దలు కూడి మంచివాణ్ని ఎంచుకునేవారు. అలా ఎంచుకున్న ఒక ఇమాం కాలంలో నిజ్వా ఊరి వాగు పొంగింది. వాగు ఒడ్డున ఖైదీలు ఉన్నారు. వాళ్లను విడిపించి తెమ్మంటే ఎవరూ దిగలేదు. వాళ్లకు జవాబుదారీ నాదే అని ఇమాం తానే నీళ్లలోకి దిగాడు. ఖైదీలతో పాటు కొట్టుకుపోయాడు.

"కొడుకు గద్దెకు రాకుంటె, వీళ్లకు వరుస చదివేటోడే అక్కర లేదన్నట్టు," అన్నాడు భట్టు నాతో, నవ్వుతూనే. నవ్వు ముఖం మీద నిలవలేదు. ఆ మధ్యాహ్నం మొదటిసారి తట్టల లెక్క తప్పాడు. అరికేసరి దగ్గర ఆగిపోయి, పొడి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పక్కవాడు, "తాతా, ఏ రాజు?" అని రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

ఆ చలికాలమే దగ్గు ముదిరింది. సున్నప్పొడి లోపల పేరుకుందన్నారు. రుస్తాఖ్ ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ పాలకొల్లు నుంచి వచ్చిన నర్సు ఒకావిడ ఉండేది. నేను చూడబోయిన ప్రతిసారీ ఆవిడ గొంతే ముందు వినపడేది.

"తాతగారూ, మాట్లాడొద్దని ఎన్నిసార్లు చెప్పానండీ? మీ రాజులెక్కడికీ పోరు. పడుకోండి. ప్రభువు చూసుకుంటాడు."

"మీ పెబువు వరుస ఎవలు చదువుతరు సిస్టరమ్మా?"

"మాకు పుస్తకంలో రాసుంది లెండి. ఎవరికి ఎవరు పుట్టారో అంతా ఉంటుంది. మీరు దగ్గక్కర్లేదు."

"రాసి పెట్టుకున్నరా? మంచి పని జేసిండ్రు," అని ఆయన నావైపు చూశాడు.

పొడిలో పని చెయ్యకూడదని డాక్టరు రాశాడు. కంపెనీకి పొడి లేని పని లేదు. రెండు వారాల్లో ఇంటికి పంపేస్తారని తేలింది. నాకు నిద్ర పట్టని రోజులు అవి. ఆయన విమానం ఎక్కితే, ఆ గొంతు పోతే, మా ఇల్లు ఏడు తరాల దగ్గర తెగిపోతుంది. మంచం పక్కన కూర్చుని అదే చెప్పాను. అడుక్కోవడం నాకు చేతకాదు, అందువల్ల హుకుంలా వినిపించి ఉంటుంది.

ఆయన దుప్పటి పక్కకు నెట్టి లేచి కూర్చున్నాడు. "మా ఇండ్లల్ల రెండు వరుసలుంటయి దొరా. వాకిటి వరుస మీది. ఇంటి వరుస మాది. వాకిటిది మీకు ఇనిపిస్తం. ఇంటిది మీ చెవిన పడనియ్యం. పిల్లగానికి ముందుగాల ఇంటి వరుసనే నేర్పుతం. అసలు సంగతి ఎరుకుంటెనే అబద్ధం సక్కగ చెప్పస్తది."

"అబద్ధమా?"

"శుక్రారం తానానికి పోదాం. రెండూ చెప్త. గా చాచా అడిగిన కాడికెల్లి నాకు ఇంటి వరుసనే నోట్ల తిరుగుతాంది."

ఆసుపత్రి నుంచి వచ్చేశాక, ఆ శుక్రవారం ఊట దగ్గర మేమిద్దరమే ఉన్నాం. ఆయన రాతిమీద కూర్చున్నాడు. ఎడమ చెయ్యి చెవికి వెళ్లింది. గొంతు ఎండుటాకు రాసుకున్నట్టుంది, అయినా పదం తడబడలేదు. ఎనిమిది మంది రాజులనూ నిదానంగా దింపాడు. నలభై రెండు యుద్ధాలు గెలిచిన బద్దెగుడు, నీళ్లలో మొసలిని పట్టినట్టు శత్రురాజును పట్టిన బద్దెగుడు, అని చదువుతుంటే ఆవిరి కూడా ఆగి వింటున్నట్టు ఉంది. మళ్లీ వెనక్కి వెళ్లి మొదటి యుద్ధమల్లు కాలంలో మా మూలపురుషుణ్ని ఎత్తుకున్నాడు. 'తైలధారల మల్లన. రాజు ఏనుగులకు తైలం సమకూర్చి పద్నాలుగు ఊళ్లు పొందిన మల్లన.' అక్కడినుంచి ఇరవై రెండు పేర్లు, ఒక్కో పేరుకు ఒక బిరుదు, సరిగ్గా మా ఏడు తరాల గుమ్మం దాకా వచ్చి ఆగాయి. నోటుపుస్తకం తెరిచాను.

"ఆగు దొరా. ఇంకోటున్నది."

చెయ్యి చెవి మీదినుంచి తీసేశాడు. ఇంటి వరుసకు రాగం లేదు. మామూలు మాటలా చెప్పాడు.

"దీపాలార్పిన మల్లన. గానుగలన్ని ఆడిచ్చినా నూనె సాలలే. మల్లన ఊరూరు తిరిగిండు. ఇండ్లల్ల బుడ్లు వంపుకున్నడు, గుడిల దీపం వంపుకున్నడు. బాలింత ఇంట్ల దీపం ఆరొద్దంటరు గదా, అది గూడ వంపుకున్నడు. ఒక్క ఏడంత పద్నాలుగు ఊళ్లల్ల దీపం లేదు. మా మూలపురుషుడు ఆ ఏడు పుట్టిండు, చీకట్ల. మొకం ఎవలు సూడలే. ఏడుపు ఇని బతికిండని చెప్పుకున్నరట. గందుకే మా ఇంట్ల గొంతే ఆస్తి."

భట్టు వంగి దోసిలితో నీళ్లు తీసుకుని ముఖం మీద చల్లుకున్నాడు.

"ఆ మల్లన వాకిట్ల నిలవడి తైలధారలని చదివినోడు ఆ చీకటి పిల్లగాడే. కడుపు గదా. రాస్తె రెండూ రాయి. లేకుంటె ఒక్కటి గూడ రాయొద్దు."

ఆవిరి విడిపోతూ ఉంది. తోటమీద ఎండ పడింది. నేను ఎంతోసేపు కలం పట్టుకునే ఉన్నాను. చివరికి పుస్తకం మూశాను.

"మా ఇంటి మీద ఆ మాట నా చేత్తో నేను రాయను," అన్నాను.

"సరె బిడ్డా," అన్నాడు. అప్పటిదాకా నన్ను సారూ అన్నాడు, దొరా అన్నాడు. బిడ్డా అనడం అదే మొదలు. లేచి, మెల్లగా నీళ్లలోకి దిగి, మెడదాకా మునిగి కళ్లు మూసుకున్నాడు.

వెళ్లే రోజు పొద్దున బట్టల సంచితో నా రేకుల గది గుమ్మం ముందుకు వచ్చాడు. అప్పటికి గొంతు పూర్తిగా పోయింది. సంచి కింద పెట్టాడు. గడపకు అవతల, నేల మీద, నిటారుగా నిలబడి ఎడమ అరచెయ్యి చెవికి ఆనించాడు. పెదవులు కదలడం మొదలుపెట్టాయి. మొదట నాకు అర్థం కాలేదు. రాజులందరూ అయి, మల్లన వచ్చి, పేర్లు ఒకదాని తర్వాత ఒకటి ఆ పెదవుల మీద నడుస్తున్నాయని తర్వాత తెలిసింది. శబ్దం లేదు, ఊపిరి మాత్రమే ఉంది. ఆయన చదువుతున్నది వాకిటి వరుస. బయట బండివాడు హారన్ కొడుతున్నాడు. ఆయన తొందరపడలేదు.

భట్టు చదివేటప్పుడు దొర కూర్చునే ఉండాలి. మా ముత్తాత, తాత అలాగే కూర్చున్నారు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో అప్పుడు తెలియదు. వరుస అయ్యేదాకా అలాగే నిలబడ్డాను. నా భుజం మీది తువ్వాలు తీసి ఆయన భుజం మీద వేశాను. చెమట పట్టిన తువ్వాలు, సైట్లో వాడేది. దాన్ని రెండు కళ్లకూ అద్దుకుని సంచి ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు యంత్రం దగ్గర కొత్తవాడు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. సైటంతా ఆ అంకెలు విని కాసేపు తలలెత్తి చూసింది.

ఖురంలో కబురు విన్న మరుసటి ఏడు నాకు సెలవు దొరికింది. ముందు భట్టు ఇంటికి వెళ్లాను. పెద్దకొడుకు బస్టాండు దగ్గర హోటలు నడుపుతున్నాడు. కూర్చోబెట్టి ఉప్మా పెట్టాడు.

"నాయిన నాకు నేర్పలేదు సారూ. అడిగితె, ఇంక ఎవలి వాకిట్ల నిలవడతవురా అన్నడు. హోటలు పెట్టిపిచ్చిండు."

"ఒక్క పేరు కూడా రాదా?"

"మీ పేరొస్తది," అని నవ్వాడు. "ఆయనకు మాట పోయినంక పలక మీద రాసి సూపెట్టిండు. మీరు లేచి నిలవడ్డరట గదా."

ఇరవై రెండు పేర్లలో నాకిప్పుడు ఏడు గుర్తున్నాయి, అవీ వరుస తప్పి. మొదటి పేరు మాత్రం రెండు విధాలుగానూ గుర్తుంది. రాస్తే రెండూ రాయమన్నాడు కనుక ఇక్కడ రెండూ రాశాను.

ఆ సెలవులోనే గడీ బేరం కుదిరింది. అమ్మకానికి వంశవృక్షం పత్రం కావాలన్నారు. నేను నరసింగరావుకు పైన ఇంకో పేరు రాయబోతే రెవెన్యూ ఆఫీసు గిర్దావరు చెయ్యి అడ్డం పెట్టి, మూడు తరాలు చాలన్నాడు. గడీనీ, పశువుల కొట్టాన్నీ, వెనక ఉన్న ఎకరం జాగానూ కలిపి రైసుమిల్లు వాళ్లకు అమ్మేశాం.